కంటి లోపల వాపు (యువియైటిస్) పదే పదే వస్తోంది: ఎరుపు తగ్గాక చుక్కలు ఆపవచ్చా, ఇన్ని పరీక్షలు ఎందుకు?

మీరు రాసినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీ వయసు 34 ఏళ్లు. రెండేళ్లలో మూడుసార్లు, ఒకసారి కుడి కన్ను, తర్వాత రెండుసార్లు ఎడమ కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేని పరిస్థితి వచ్చింది. మొదటి రెండుసార్లు కళ్ల కలక అనుకుని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలతో సర్దుకుంది. ఈసారి కంటి డాక్టరు యువియైటిస్ అని చెప్పి, ఆరు వారాల స్టెరాయిడ్ చుక్కలతో పాటు నడుము ఎక్స్‌రే, హెచ్‌ఎల్‌ఏ-బి27 (ఒక జన్యు లక్షణం), క్షయ, సిఫిలిస్ (లైంగికంగా సోకే జబ్బు) పరీక్షలు రాశారు. నాలుగో రోజుకే ఎరుపు పోయింది కాబట్టి చుక్కలు ఆపేయవచ్చా, కంటికి ఈ పరీక్షలన్నీ ఎందుకు, ఇది పూర్తిగా నయమవుతుందా, పథ్యం ఏమైనా ఉందా అన్నవి మీ ప్రశ్నలు. స్టెరాయిడ్ అంటే భయమని కూడా రాశారు.

నేను నేత్రవైద్యుణ్ణి, చాలా ఏళ్లుగా ప్రధానంగా ఈ జబ్బు ఉన్నవాళ్లనే చూస్తున్నాను. సూటిగా చెప్పాలంటే, చుక్కలు మీ అంతట మీరు ఆపకండి, రాసిన పరీక్షలు చేయించుకోండి. మీరు చెప్పిన లక్షణాలు కంటి ముందు భాగంలో వచ్చే యువియైటిస్‌కు సరిపోతున్నాయి. ఈ జబ్బులో అన్ని రకాల కన్నా ఇది తొందరగా లొంగేది. మళ్లీ రాదని ఎవరూ మాట ఇవ్వలేరు గానీ, వచ్చిన ప్రతిసారీ మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వైద్యం మొదలుపెట్టి, చెప్పినంత కాలం కొనసాగించినవాళ్లలో చూపు నిలబడుతుంది. నేను చూసినంతలో ఈ రకంలో చూపు దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమంది ఆలస్యం వల్లో, అరకొర వైద్యం వల్లో నష్టపోయినవాళ్లే.

ఎరుపును చూసి మందు ఆపకూడదని ఎందుకంటున్నానో వివరిస్తాను. కంటి బయటి తెల్లటి గోడకూ లోపల చూపును పట్టే రెటీనా పొరకూ మధ్య రక్తనాళాలు దట్టంగా ఉన్న పొర ఒకటి ఉంటుంది, దాని పేరు యువియా. ముందు వైపు కంటిపాప చుట్టూ రంగుగా కనిపించే ఐరిస్, దాని వెనక సీలియరీ బాడీ, ఇంకా వెనక కోరాయిడ్ అందులోని భాగాలు. ఈ పొరలో వాపు వచ్చినప్పుడు తెల్ల రక్తకణాలూ ప్రోటీనూ రక్తనాళాల గోడలు దాటి, మామూలుగా నీళ్లలా స్వచ్ఛంగా ఉండే లోపలి ద్రవంలోకి వచ్చి చేరతాయి. పెంకుటింటి కప్పు సందులోంచి పడే ఎండలో ధూళి రేణువులు తేలుతూ కనిపించినట్టే, స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చేసి చూపే పరికరం) సన్నని కాంతిలో ఆ కణాలు మాకు తేలుతూ కనిపిస్తాయి. ఒక మిల్లీమీటరు పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు కాంతి పట్టీలో అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి గ్రేడు ఇస్తాం. 1 నుంచి 5 ఉంటే అర గ్రేడు, 6 నుంచి 15 ఉంటే మొదటి గ్రేడు, 50 దాటితే నాలుగో గ్రేడు. 2005లో అంతర్జాతీయ నిపుణులు ఒప్పుకున్న ఈ కొలతనే ఇప్పటికీ అందరం వాడుతున్నాం.

ఎరుపు కంటి పైపొరల రక్తనాళాలకు సంబంధించింది, అది నాలుగైదు రోజుల్లో తగ్గిపోవచ్చు. లోపలి కణాలు పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది. అద్దంలో కన్ను తెల్లగా కనిపిస్తున్న రోజున స్లిట్ ల్యాంప్‌లో ఇంకా రెండో గ్రేడు వాపు ఉండటం మా ఓపీలో నిత్యం చూసేదే. ఆ దశలో మందు ఒక్కసారిగా ఆపితే వాపు తిరిగి లేస్తుంది, చాలాసార్లు మొదటికన్నా మొండిగా లేస్తుంది. అందువల్లే చుక్కలను గంటకోసారితో మొదలుపెట్టి, కణాల సంఖ్య తగ్గేకొద్దీ రోజుకు ఆరు, నాలుగు, మూడు, రెండు, ఒకటి అంటూ దించుకుంటూ వస్తాం. మీ డాక్టరు ఆరు వారాలు రాయడంలో అతి ఏమీ లేదు, ఈ రకానికి అది మామూలు లెక్కే.

మీకు స్టెరాయిడ్‌తో పాటు హోమట్రోపిన్ లేదా అట్రోపిన్ చుక్కలు కూడా రాసి ఉంటారు. వాటితో కంటిపాప పెద్దదై దగ్గరి అక్షరాలు మసకబారుతాయి కాబట్టి చాలామంది మొదట మానేసేది వాటినే. నా దృష్టిలో తొలి వారంలో స్టెరాయిడ్‌తో సమానమైన మందు అది. వాచిన ఐరిస్ జిగురు పట్టి, వెనకే ఉన్న కటకానికి అతుక్కుపోతుంది. కంటిపాపను కదలికలో ఉంచితే ఆ అతుకులు పడవు, సీలియరీ కండరం పట్టు సడలి నొప్పి కూడా తగ్గుతుంది. ఒక ఆటో డ్రైవరు మూడేళ్ల పాటు ప్రతి దాడికీ ఒకే షాపులో ఒకే సీసా కొనుక్కుని, ఎరుపు పోగానే మానేస్తూ వచ్చి, చివరికి తలనొప్పి, వాంతులతో మా దగ్గరికి వచ్చారు. అప్పటికి కంటిపాప అంచు చుట్టూ కటకానికి అతుక్కుపోయి, కంటిలోని ద్రవం ముందుకు వచ్చే దారి మూసుకుపోయి, కంటి ఒత్తిడి విపరీతంగా పెరిగింది. లేజర్‌తో ఐరిస్‌లో చిన్న రంధ్రం చేసి ఒత్తిడి దించగలిగాం గానీ, కంటి నరానికి అప్పటికే జరిగిన నష్టం తిరిగి రాలేదు.

చుక్కలు వేసుకునే తీరు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఓపీలో దీనికి సమయం చిక్కదు. ప్రెడ్నిసొలోన్ అసిటేట్ అనేది ద్రవంలో తేలే పొడి మందు. సీసాను బాగా కుదపకుండా వేస్తే పైనున్న నీరే కంటిలో పడుతుంది, మందు అడుగునే ఉండిపోతుంది. ఒక చుక్క చాలు. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒక నిమిషం నొక్కి ఉంచాలి. రెండు రకాల చుక్కల మధ్య కనీసం ఐదు నిమిషాల ఎడం ఉండాలి. గంటకోసారి అని రాశామంటే మెలకువగా ఉన్నంత సేపూ గంటకోసారి అనే అర్థం. ఆఫీసుకు వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వేసుకుని మందు పనిచేయలేదనేవాళ్లు తరచూ వస్తుంటారు.

ఇక పరీక్షల సంగతి. ఒక కంట్లో ఉన్నట్టుండి వచ్చి, తగ్గి, మళ్లీ అదే కంట్లోనో రెండో కంట్లోనో వచ్చే యువియైటిస్‌కూ వెన్నెముక కీళ్లవాతానికీ గట్టి సంబంధం ఉంది. రెండింటి వెనకా చాలామందిలో హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యు లక్షణం ఉంటుంది. మీరు ఇది రాయలేదు గానీ నేను అడుగుతున్నాను: ఉదయం లేవగానే నడుము కింది భాగం అరగంటకు పైగా బిగుసుకుపోయి, నాలుగడుగులు నడిచాక సడలుతుందా? తెల్లవారుజామున నడుము నొప్పితో మెలకువ వస్తుందా? మడమల వెనక నొప్పి ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రేతో ఆగకుండా కీళ్లవాత నిపుణుణ్ణి కలవండి. ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో ఇలాంటి కంటి వాపుతో వచ్చినవాళ్లను పరిశీలించినప్పుడు, పదిమందిలో దాదాపు నలుగురికి అప్పటిదాకా ఎవరూ గుర్తించని ఈ రకం కీళ్లవాతం బయటపడింది. నడుము నొప్పిని డ్రైవింగు మీదికో కుర్చీ మీదికో నెట్టేసి ఏళ్లు గడిపేస్తాం కాబట్టి, కన్ను ఆ జబ్బును ముందుగా పట్టిచ్చే సందర్భాలు తక్కువేమీ కావు.

అయితే రెండు జాగ్రత్తలు. హెచ్‌ఎల్‌ఏ-బి27 పాజిటివ్ వస్తే మీకు వెన్నెముక జబ్బు ఉన్నట్టు కాదు, అది ఉన్నవాళ్లలో అత్యధికులకు జీవితమంతా దాని వల్ల ఏ జబ్బూ రాదు. అలాగే తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. అనుమానం బలంగా ఉంటే ఎంఆర్ఐ చేస్తేగానీ తేలదు.

మన దేశంలో యువియైటిస్ అన్నాక క్షయను పక్కన పెట్టడం కుదరదు. కంటి క్షయ ఉన్నవాళ్లలో చాలామందికి దగ్గు ఉండదు, ఛాతీ ఎక్స్‌రే కూడా శుభ్రంగా ఉండవచ్చు. మరోవైపు, చేతిమీద చేసే మాంటూ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన కంటిలో క్షయ ఉందనీ చెప్పలేం, ఇక్కడ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా ఎందరికో అది పాజిటివ్ వస్తుంది. కంటిలో కనిపించే తీరు, పరీక్షల ఫలితం రెండూ కలిసినప్పుడే ఆరు నుంచి తొమ్మిది నెలల క్షయ మందుల గురించి ఆలోచిస్తాం. ఆ మందుల్లో ఒకటైన ఇథాంబుటాల్ కంటి నరాన్ని దెబ్బతీసే అవకాశం ఉంది కనుక, కాగితం ముక్క చూసి ఆ వైద్యం మొదలుపెట్టడాన్ని నేను ఒప్పుకోను.

సిఫిలిస్ పరీక్ష రాసినందుకు మీరు కొంచెం నొచ్చుకున్నట్టు అనిపించింది. అది మీ ప్రవర్తన మీద అనుమానం కాదు. సిఫిలిస్ ఏ రకం యువియైటిస్‌లానైనా కనిపించగలదు, పెన్సిలిన్‌తో పూర్తిగా నయమవుతుంది, గుర్తించకుండా స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే కన్ను పాడవుతుంది. అందువల్ల బడిపంతులైనా, పూజారిగారైనా, డెబ్భై ఏళ్ల పెద్దావిడైనా అందరికీ ఒకేలా రాస్తాం.

ఇదే మాట వైరస్‌లకూ వర్తిస్తుంది. హెర్పిస్ వల్ల వచ్చిన యువియైటిస్‌లో చాలాసార్లు కంటి ఒత్తిడి మొదటి రోజునే ఎక్కువగా ఉంటుంది, ఐరిస్‌లో ఒక పక్క రంగు వెలిసిపోతుంది. అక్కడ స్టెరాయిడ్‌తో పాటు ఎసైక్లోవిర్ లాంటి వైరస్ మందు తప్పనిసరి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి రెటీనాను పట్టినప్పుడు కూడా అంతే, దాన్ని అణిచే మందు లేకుండా స్టెరాయిడ్ ఇవ్వడం ప్రమాదం. మీరు మొదటి రెండుసార్లు షాపులో తెచ్చుకున్న సీసాలో యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. మీకు అది పనిచేయడం మీ అదృష్టం. కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) మీద హెర్పిస్ పుండు ఉన్నవాళ్లకు అదే సీసా అంధత్వం తెచ్చిపెట్టగలదు.

ఇన్ని రాశాక ఇంకో వైపు కూడా చెప్పాలి. పరీక్షలు ఎన్ని ఎక్కువ చేయిస్తే అంత మంచిదన్నది నిజం కాదు. ల్యాబులు అమ్మే ఇరవై ముప్పై పరీక్షల ప్యాకేజీలు వద్దు. మీ వయసు మగవాళ్లకు ఇలాంటి దాడిలో ఏఎన్ఏ (శరీరం తన కణాల మీదే తయారుచేసుకునే యాంటీబాడీల) పరీక్ష పాజిటివ్ వచ్చినా దాంతో తేలేది దాదాపు ఏమీ ఉండదు, అనవసర భయం తప్ప. మీ డాక్టరు రాసిన నాలుగూ మీ కథకు సరిపోయినవే. అన్ని పరీక్షలూ మామూలుగా వచ్చి, కారణం తెలియకుండానే మిగిలిపోయేవాళ్లు కూడా చాలామంది ఉంటారు. అది డాక్టరు చేతగానితనం కాదు, అలాంటప్పుడు కూడా వైద్యం ఇదే పద్ధతిలో సాగుతుంది.

ఈ జబ్బు మీ ఊరి నీళ్లతో, పనితో కూడా ముడిపడి ఉండవచ్చు. 1993 చివర్లో తమిళనాడు దక్షిణ జిల్లాల్లో వరదలు వచ్చాక, 1994లో మధురైలోని అరవింద్ కంటి ఆసుపత్రికి యువియైటిస్ రోగులు గుంపుగా వచ్చారు. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ దానికి కారణమని తేలింది. వరి మళ్లలో దిగి పనిచేసేవాళ్లకు, జ్వరం వచ్చి తగ్గిన కొన్ని వారాలకో నెలలకో కన్ను మసకబారితే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. కోస్తా జిల్లాల నుంచి వచ్చే రైతులను నేను ఈ ప్రశ్న అడగకుండా వదలను.

మీకు కన్ను ఎర్రబడి నొప్పి పుట్టింది కాబట్టి మీరు డాక్టరు దగ్గరికి వెళ్లారు. అసలు ఎరుపే లేకుండా కన్ను పోయే రకాలు ఉన్నాయి, ఈ సమాధానం చదివే ఇతరుల కోసం అవి కూడా రాస్తున్నాను. కంటి మధ్య భాగంలో వచ్చే వాపులో నొప్పి ఉండదు, కళ్ల ముందు దోమలు తిరుగుతున్నట్టు నల్ల చుక్కలు, మసక మాత్రమే ఉంటాయి. వెనక భాగంలో వస్తే చూపులో మచ్చ పడినట్టు, గీతలు వంకరైనట్టు కనిపిస్తాయి. అన్నిటికన్నా నిశ్శబ్దమైనది పిల్లల కీళ్లవాతంతో వచ్చేది. మోకాలు వాచిందని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్తున్న ఐదేళ్ల పాపను, బడిలో బోర్డు కనిపించడం లేదన్నాక మా దగ్గరికి తెచ్చారు. కన్ను తెల్లగా ఉంది, పాప ఒక్కనాడూ నొప్పి అనలేదు, అయినా కార్నియా మీద సున్నం పట్టీలా పేరుకుపోయి, లోపల శుక్లం వచ్చేసింది. చిన్న వయసులో కీళ్లవాతం వచ్చి, ఏఎన్ఏ పాజిటివ్ ఉన్న పిల్లలకు (ఇక్కడ ఆ పరీక్షకు చాలా విలువ ఉంది) ఏ ఇబ్బందీ లేకపోయినా మూడు నెలలకోసారి స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించాలి.

రెండు కళ్లలో, వెనక భాగంలో వచ్చే వాపుకు చుక్కలు చాలవు, మందు అంత లోతుకు చేరదు. తలనొప్పి, చెవుల్లో హోరు, ఆ తర్వాత రెండు కళ్లూ ఒక్కసారి మసకబారిన ఒక ఉపాధ్యాయురాలికి వీకేహెచ్ అనే జబ్బు అని తేలింది. ఇది మన దేశంలో తరచుగా కనిపించేదే, కొన్ని నెలలకు కనురెప్పల వెంట్రుకలు తెల్లబడటం, చర్మం మీద బొల్లి మచ్చలు రావడం కూడా జరుగుతాయి. ఆమెకు మొదట నరంలోకి స్టెరాయిడ్, తర్వాత మాత్రలు ఇచ్చి, మాత్రలను నెలల మీద తగ్గిస్తూ రోగనిరోధక శక్తి అతిని అణిచే మెథోట్రెక్సేట్ మొదలుపెట్టాం. ఇలాంటి వాపులో మెథోట్రెక్సేట్‌ను, అంతకన్నా ఖరీదైన మైకోఫెనోలేట్‌ను పోల్చిన పరిశోధన 2019లో వెలువడింది, అందులో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది భారతీయులే. ఖరీదైన మందు మెరుగని అందులో తేలలేదు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, ఆ రోజు పేరును చీటీ మీద పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసిస్తాను. పిల్లలను కనాలనుకునేవాళ్లు ముందుగానే చెప్పాలి, మద్యం మానాలి, కాలేయ పరీక్షలు క్రమంగా చేయించుకోవాలి. దీనికీ లొంగకపోతే రెండు వారాలకోసారి చర్మం కింద వేసుకునే అడాలిముమాబ్ ఇంజెక్షన్ ఉంది. 2014లో దానికి దాదాపు సమానమైన మందు (బయోసిమిలర్) మన దేశంలోనే తయారై వచ్చాక కొంత అందుబాటులోకి వచ్చింది గానీ, ఇప్పటికీ అందరూ భరించగలిగే ధర కాదు. దాన్ని మొదలుపెట్టే ముందు దాగి ఉన్న క్షయ కోసం తప్పక పరీక్షించాలి. మీకు ప్రస్తుతం వీటితో పని లేదు. రెండేళ్లలో మూడు దాడులకు చుక్కలే సరిపోతాయి. ఏడాదికి మూడు నాలుగు చొప్పున వస్తుంటేనే నివారణ మాత్రల గురించి మాట్లాడుకోవాలి.

స్టెరాయిడ్ అంటే మీకున్న భయం పూర్తిగా నిరాధారం కాదు. చుక్కలు ఎక్కువ కాలం వాడితే శుక్లం రావచ్చు, కొందరిలో కొద్ది వారాల్లోనే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులకు దారి తీయవచ్చు. అయితే శుక్లం, నీటికాసులు వైద్యం చేయని వాపు వల్ల కూడా వస్తాయన్నది చాలామందికి తెలియదు. మందు ఆపడం వల్ల భయం తీరదు, ప్రతి పరీక్షలో ఒత్తిడి కొలిపించుకోవడం వల్ల తీరుతుంది. తర్వాతెప్పుడైనా శుక్లం ఆపరేషను అవసరమైతే, అత్యవసరం కాని పక్షంలో కన్ను కనీసం మూడు నెలలు పూర్తిగా నెమ్మదించాకే చేయించుకోండి. చుక్కలకు ఉన్నట్టే మాత్రలకూ తగ్గించే క్రమం ఉంటుంది, వారాల తరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రలు హఠాత్తుగా ఆపడం శరీరానికే ప్రమాదం.

పథ్యం విషయానికి వస్తే, వంకాయ, మినుములు, పులుపు మానితే ఈ వాపు తగ్గుతుందనడానికి ఆధారం లేదు, మీ ఇంట్లో వండినది తినండి. స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం ఉప్పు, తీపి తగ్గించాలి, ఆ లెక్కలో ఊరగాయలు కూడా వస్తాయి. చక్కెర జబ్బు ఉంటే చుక్కలు కాకుండా మాత్రలు మొదలుపెట్టే ముందే చెప్పాలి. సిగరెట్టు తాగే అలవాటుంటే మానేయండి, దానికీ ఈ వాపుకూ సంబంధం ఉందని ఎన్నో పరిశీలనల్లో కనిపించింది. చనుబాలు, ఆముదం, నందివర్ధనం పూల రసం కంటిలో వేయవద్దు. పూలను మూసిన కళ్లమీద చల్లగా పెట్టుకుంటానంటే నేను వాదించను గానీ, రసం లోపలికి వెళ్లకూడదు.

ఇకముందు ఎప్పుడైనా కన్ను ఎర్రబడితే ఊసి కడుతోందా, వెలుతురుకు నొప్పి పుడుతోందా అన్నది చూసుకోండి. కళ్ల కలకలో ఊసి, దురద, ఇంట్లో ఇంకొకరికి కూడా రావడం ఎక్కువగా కనిపిస్తాయి. మీ జబ్బులో ఊసి ఉండదు, కంటిపాప చుట్టూ ఎరుపు గాఢంగా ఉంటుంది, వెలుతురు చూస్తే లోపల నొప్పి పుడుతుంది. ఈ తేడా మీకు ఇప్పటికే అనుభవంలో తెలిసి ఉంటుంది, నిజానికి మూడు దాడులు చూసిన రోగి నాలుగో దాడిని మాకన్నా ముందే పసిగడతాడు. అదే రోజో మరునాడో పరీక్ష చేయించుకోండి. పాత సీసా తీసి వాడవద్దు, తెరిచి నెల దాటినది పారేయండి. చూపు ఒక్కసారిగా పడిపోయినా, నొప్పితో వాంతులు వచ్చినా, కంటి ముందు తెర దిగినట్టు అనిపించినా, కంటికి ఆపరేషనో దెబ్బో తగిలిన కొద్ది రోజుల్లో ఎర్రబడినా రాత్రయినా సరే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

మీ ఊళ్లోని డాక్టరు వైద్యం సరిగ్గానే చేస్తున్నారు, ఆసుపత్రి మార్చమని నేను చెప్పను. వాపు వెనక భాగానికి పాకితేనో, ఆరు వారాల తర్వాత కూడా కణాలు పోకపోతేనో యువియైటిస్‌కు ప్రత్యేక నిపుణులున్న చోటికి వెళ్లండి. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, చెన్నైకి దగ్గరివాళ్లకు శంకర నేత్రాలయ ఉంది. వెళ్లేటప్పుడు ప్రతి దాడి తేదీ, ఏ కన్ను, ఏ చుక్కలు ఎన్నాళ్లు వాడారు అన్నవి ఒక కాగితం మీద రాసుకుని, పాత చీటీలు, ఎక్స్‌రేలు అన్నీ పట్టుకెళ్లండి. ఫలితాలు వచ్చాక ముందు మీ డాక్టరుకు చూపించండి, ఆ తర్వాత సందేహం మిగిలితే ఇక్కడే రాయండి. ఉదయం నడుము బిగుసుకుపోతుందా లేదా అన్న నా ప్రశ్నకు జవాబు మాత్రం ఇప్పుడే రాయవచ్చు.